గింప్‌తో ఈమెయిల్ స్టేషనరీ: పన్నెండేళ్లు వాడాక

తెల్ల తెర మీద నాలుగు ముక్కలు టైప్ చేసి పంపేస్తే సరిపోయే మెయిల్‌కి, అంచున ఓ లత, వెనక లేత కాగితం రంగు, కింద చిన్న పిట్ట పెట్టుకుని మురిసిపోయే జాతి ఒకటుంది. నేనూ ఆ జాతిదాన్నే. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే పాత మెయిల్ ప్రోగ్రాము రోజుల్లో అంటుకున్న పిచ్చి ఇది. అందులో స్టేషనరీ అని విడిగా ఒక ఏర్పాటే ఉండేది. వెబ్ పేజీలు రాసే భాషలో ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు, దానికో బొమ్మ, అంతే సంగతి. ఆ బొమ్మలు చేసుకోవడానికి చాలామంది పెయింట్ షాప్ ప్రో వాడేవాళ్లు. నేనూ దానితోనే మొదలుపెట్టి, కంప్యూటర్ మార్చినప్పుడు ఉచితం కదా అని, బొమ్మలు గీసి దిద్దుకునే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌కి వచ్చాను. అప్పటికి 2012లో వచ్చిన 2.8 వెర్షన్ నడుస్తోంది. ఇప్పుడు 3.0లో ఉన్నాను. మధ్యలో వేరేవాటి గడప తొక్కలేదని కాదు, తొక్కి వెనక్కి వచ్చాను.

మొదటి నెలంతా సేవ్ దగ్గరే గొడవ. కంట్రోల్ ఎస్ కొడితే గింప్ పొరలన్నీ (లేయర్లు) విడివిడిగా ఉంచే తన సొంత ఎక్స్‌సీఎఫ్ ఫార్మాట్‌లోనే దాస్తుంది. జేపెగ్, పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లాల్సిందే. ఇదెక్కడి చాదస్తం అని విసుక్కున్నాను. ఆ విసుగులోనే ఓసారి ఎక్స్‌సీఎఫ్ దాచకుండా జేపెగ్ ఒక్కటే ఎక్స్‌పోర్ట్ చేసి, మూసేటప్పుడు అడిగిన ప్రశ్న చదవకుండానే 'వద్దు' నొక్కేశాను. రెండు సాయంత్రాలు కూర్చుని వేసిన మల్లెతీగ, పువ్వూ ఆకూ కాగితమూ అన్నీ ఒకే పొరగా అతుక్కుపోయి మిగిలింది. రంగు కాస్త మారుద్దామన్నా దారి లేదు. అప్పటినుంచి ఆ చాదస్తం మీద నాకు గౌరవమే.

గింప్ నన్ను కట్టిపడేసింది మాత్రం అంచుల పనిలో. ఎడమ అంచున లత పాకే స్టేషనరీకి పెద్ద బొమ్మ అక్కర్లేదు. 1920 పిక్సెళ్ల వెడల్పు, 240 ఎత్తు ఉన్న పట్టీ ఒకటి చాలు, అదే ఒకదాని కింద ఒకటి రిపీట్ అవుతూ ఉత్తరం ఎంత పొడవుంటే అంత దిగుతుంది. పట్టీలో ఎడమ పక్క 150 పిక్సెళ్లలో లత, మిగతాదంతా ఉత్త కాగితం. వెడల్పు అంత ఎందుకంటే, పట్టీ వెడల్పు చాలకపోతే పెద్ద తెర మీద రెండో లత సరిగ్గా వాక్యాల నడుమ మొలుస్తుంది. కిందికే రిపీట్ అవ్వాలని హెచ్‌టీఎంఎల్ స్టైల్‌లో రాయొచ్చు గానీ, ఆ ముక్కని పట్టించుకోని మెయిల్ ప్రోగ్రాములు నాకు తగిలాయి.

చిక్కంతా అతుకు దగ్గరే. పట్టీ అడుగున కాడ ఎక్కడ ఆగిందో, పైన సరిగ్గా అక్కడే, అదే వాలుతో మొదలవ్వాలి. ఒక్క పిక్సెల్ తేడా వచ్చినా ఉత్తరం పొడవునా ప్రతి 240 పిక్సెళ్లకీ ఓ విరిగిన కాడ కనబడుతుంది. దీనికి టైల్ సీమ్‌లెస్ అనే రెడీమేడ్ ఫిల్టర్ ఉంది. కాగితం గరుకుకీ మబ్బులకీ అది భేష్. లతకి పనికిరాదు, బొమ్మని జరిపి దానిమీద దాన్నే కలుపుతుంది కాబట్టి ప్రతి ఆకుకీ ఓ దయ్యపు నీడ పడుతుంది. నేను వాడేది లేయర్ మెనూలోని ఆఫ్‌సెట్. ఎత్తులో సగం, అంటే 120 కిందికి జరిపి, ఒక అంచు దాటినదాన్ని ఎదుటి అంచున తెచ్చిపెట్టే ర్యాప్ అరౌండ్ పెడితే అంచున దాక్కున్న అతుకు నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. ఇక దాన్ని, ఒకచోటి బొమ్మని ఇంకోచోట అద్దే క్లోన్ టూల్‌తో, మెత్తటి అంచున్న బ్రష్‌తో తీరిగ్గా పూడ్చుకోవడమే.

ఇక్కడ నేను చాలాసార్లు బోల్తాపడ్డ సంగతి ఒకటుంది. ఆఫ్‌సెట్ జరిపేది ఆ లేయర్ హద్దుల్లోపలే. లత గీసిన లేయర్ బొమ్మకంటే చిన్నదై, 200 ఎత్తే ఉందనుకోండి, అది 200 దగ్గరే చుట్టుకుంటుంది, మీరేమో 240 అనుకుంటూ కూర్చుంటారు. ముందు 'లేయర్ టు ఇమేజ్ సైజ్' నొక్కి, తర్వాత జరపాలి. ఇది తెలియక ఏడాది పాటు తప్పు నాదో సాఫ్ట్‌వేర్‌దో తేలక తల పట్టుకున్నాను. తప్పు నాదే.

అతుకు పోయిందా లేదా చూడటానికి మెయిల్ పంపి చూసుకోనక్కర్లేదు. కనబడేదంతా కాపీ చేసే కాపీ విజిబుల్ నొక్కగానే ఆ బొమ్మ ప్యాటర్న్‌ల జాబితాలో క్లిప్‌బోర్డ్ పేరుతో వచ్చి కూర్చుంటుంది. 1920 వెడల్పు, 1200 ఎత్తు కొత్త కాన్వాస్ తెరిచి, బకెట్ ఫిల్‌తో ఆ ప్యాటర్న్ పోస్తే ఉత్తరం మొత్తం కళ్లముందుంటుంది. కుర్చీ వెనక్కి జరుపుకుని, కళ్లు చిట్లించి చూస్తాను. అతుకు బాగానే ఉన్నా వేరే లోపం బయటపడేది అప్పుడే. మిగతావాటికంటే ఒక్క ఆకు ముదురుగా ఉంటే చాలు, అది వరసలో నిలబెట్టిన సిపాయిల్లా పైనుంచి కిందిదాకా లెక్కపెట్టేట్టు కనబడుతుంది. అన్ని ఆకులూ ఒకే గొంతుతో మాట్లాడాలి.

కాగితం వైపు ఏదైనా పువ్వు నీడలా వెయ్యాలంటే కొత్తలో ఒపాసిటీ, అంటే పొర ఎంత నిండుగా కనబడాలన్నది, 20 శాతానికి తగ్గించేదాన్ని. ఇప్పుడు వెలుగునీడల్ని దిద్దే కర్వ్స్ వాడుతున్నాను. నలుపు చివరని పైకెత్తి అవుట్‌పుట్ 255లో (0 నలుపు, 255 తెలుపు) 200కి పైన పెడితే, బొమ్మలో అతి ముదురు చోటు కూడా లేతగానే ఉంటుంది, అక్షరాలతో పోటీపడదు. చదవలేని స్టేషనరీ చాలా పంపాను లెండి, అవి అందుకున్నవాళ్లు మొహమాటానికి బాగుందన్నారు.

తెలుగు అక్షరాల దగ్గర నాకు ఇబ్బంది రాలేదు. బొమ్మ పైన పేరో, శుభాకాంక్షలో రాస్తే ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే కూర్చుంటాయి. లైన్ల మధ్య దూరం మాత్రం కాస్త పెంచుకోవాలి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను తలకట్లకి తగులుతాయి.

ఎక్స్‌పోర్ట్ గురించి రెండు మాటలు. జేపెగ్ కిటికీలో ప్రివ్యూకి టిక్ పెడితే, క్వాలిటీ జరుపుతుంటే ఫైలు ఎంతవుతుందో అక్కడికక్కడే చూపిస్తుంది. నేను 75, 80 మధ్య ఆగుతాను. మెయిల్‌లో ఇమిడ్చిన బొమ్మ, ఫైలుని అక్షరాలుగా రాసే బేస్64లోకి మారి మూడో వంతు బరువెక్కుతుంది, కాబట్టి 90 కిలోబైట్ల బొమ్మ దాదాపు 120 అవుతుంది. ఇంకోటి, జేపెగ్ రంగుని ఓ వెంట్రుకవాసి మారుస్తుంది. బొమ్మ పక్కన హెచ్‌టీఎంఎల్‌లో అదే కాగితం రంగు ఇచ్చినా రెండూ కలిసేచోట సన్నని గీత తేలుతుంది. పీఎన్‌జీలో, కలర్ ప్రొఫైల్ టిక్ తీసేసి దాచితే నాకు ఆ గీత పోయింది.

ఇంతవరకూ గింప్‌కి నేను వంక పెట్టను. పని చెడేది అది దాటాక. 2007 వెర్షన్ నుంచి విండోస్ అవుట్‌లుక్ మెయిళ్లని మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్‌తో చూపించడం మొదలుపెట్టాక, స్టైల్‌లో రాసిన బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలకి అక్కడ చోటు లేకుండా పోయింది. తర్వాత ఫోన్లలో డార్క్ మోడ్ వచ్చింది. మా పిన్నికి పుట్టినరోజు ఉత్తరం పంపితే ఫోన్ చేసి, "ఏమే, కాగితం పంపి ఉత్తరం మర్చిపోయావా?" అంది. ఆవిడ ఫోన్‌లోని మెయిల్ యాప్ నా నల్లక్షరాలని తెల్లగా తిప్పేసింది, లేత గోధుమ రంగు కాగితాన్ని మాత్రం అలాగే ఉంచింది. తెలుపు మీద తెలుపు. నాలుగు పేరాల ప్రేమంతా గాలికి పోయింది.

అందుకే ఇప్పుడు నిండు బ్యాక్‌గ్రౌండ్ మానేశాను. పైన 600 పిక్సెళ్ల వెడల్పు పట్టీ, కింద సంతకం దగ్గర ఇంకో చిన్నది, మధ్యలో ఏమీ లేదు. పారదర్శకమైన పీఎన్‌జీ అయితే నల్లటి తెర మీద గోధుమ కాడ మాయమైపోతుంది, నీడ చుట్టూ తెల్లని మసక తేలుతుంది. అందుకని పట్టీలోనే కాగితం ముక్క పెట్టి, దాని కింది అంచు చింపినట్టు గరుగ్గా చేస్తున్నాను. ఏ రంగు తెర మీదైనా అతికించిన చీటీలా ఉంటుంది. మునుపటి లత పాకే ఉత్తరం ముందు ఇది దిగదుడుపే, ఒప్పుకుంటాను. చదవగలుగుతున్నారు, అంతే.

2025 మార్చిలో వచ్చిన 3.0 ఈ చీటీ పనికి బాగా కలిసొచ్చింది. నీడ వేశాక కూడా ఎప్పుడైనా దాన్ని తెరిచి ఎటు పడాలో, ఎంత మసకగా ఉండాలో మార్చుకోవచ్చు. మునుపు నచ్చకపోతే అన్‌డూ కొట్టుకుంటూ వెనక్కి నడవాల్సిందే. రెండు మూడు లేయర్లు ఒకేసారి పట్టుకుని జరపడం కూడా ఇప్పుడు హాయిగా ఉంది. నా పాత ఎక్స్‌సీఎఫ్‌లు నేను తెరిచినంతవరకు చెక్కుచెదరకుండా తెరుచుకున్నాయి. గింప్‌కి అదనంగా తగిలించుకునే పాత ప్లగిన్లతోనే పేచీ, 3.0కి తగ్గట్టు తిరగరాస్తే తప్ప అవి నడవవు. చింపిన అంచు చేసే చిన్న ప్లగిన్ ఒకటి నాకు చాలా ఇష్టం, దాన్ని ఎవరూ తిరగరాసినట్టు లేదు. దానికోసం పాత 2.10 వెర్షన్‌ని కూడా కంప్యూటర్‌లో ఉంచుకున్నాను. అంచు అక్కడ చింపి, నీడ ఇక్కడ వేస్తున్నాను.