హన్మకొండలో డ్రోన్ బ్యాటరీ కొంటున్నారా? 187 సార్లు ఛార్జ్ చేసిన "కొత్త" బ్యాటరీ నాకు అంటగట్టారు

షాపు పేరు రాయను. ఇక్కడ డ్రోన్ ఎగరేసేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు, పెళ్లి వీడియోల వాళ్లంతా పోయేది అక్కడికే. రెండో అంతస్తు, అద్దం తలుపు, లోపల చల్లని ఏసీ. ఆ ఏసీకి కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో నాకు మొన్న తెలిసింది.

నాది డీజేఐ మినీ 2. లక్నవరం పోయే ముందు ఒక స్పేర్ బ్యాటరీ కావాలని వెళ్లాను, అంతే. షాపాయన విడిగా అమ్మడట. బ్యాటరీ, ఎన్‌డీ ఫిల్టర్లు (లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గించే నల్లద్దాలు), రెక్కల గార్డులు, ల్యాండింగ్ ప్యాడ్ కలిపి కాంబో, 9,500. "అన్నా, సీల్డ్ పీస్. 2022ల దిగుమతి బంద్ అయినంక ఇట్లాంటిది యాడ దొరుకుతది? నువ్వు కాబట్టి ఇస్తున్న" అన్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపిన మాట నిజమే. విడిభాగాలను ఆపలేదన్న రెండో ముక్క ఆయన ఎందుకు చెప్తాడు!

కాంబోలో మిగతా సరుకు సంగతి కూడా వినండి. గార్డులు ఎప్పుడూ తగిలించే ఉంచాలట, సేఫ్టీ అట. డ్రోన్ బరువే 249 గ్రాములు, రూల్స్‌లో నానో అనే అతి చిన్న డ్రోన్ల తరగతి హద్దు 250. గార్డులు బిగిస్తే అది పై తరగతి, అంటే మైక్రో అయిపోతుంది, రూల్స్ మారిపోతాయి. ప్యాడ్ అంటే ఒక గుండ్రటి గుడ్డ, నేలకు దిగ్గొట్టే మేకులు కూడా లేవు. నిజంగా పనికొచ్చేవి ఫిల్టర్లు ఒక్కటే. మినీ 2 అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/2.8 దగ్గరే ఉంటుంది, మార్చలేం. ఎండలో 30 ఫ్రేముల వీడియో తీస్తూ షట్టర్‌ను సెకనులో 1/60 వంతు దగ్గర ఉంచాలంటే ఎన్‌డీ లేకుండా కుదరదు. ఆయనిచ్చినవి వేరే మోడల్‌వి. బలవంతంగా తొడిగి ఆన్ చేస్తే గింబల్ (కెమెరాను కుదుపుల్లేకుండా పట్టి ఉంచే భాగం) మోటార్ ఓవర్‌లోడ్ అని మెసేజ్.

సరే, అవన్నీ పోతే పోనీ. బ్యాటరీ సంగతికి వస్తా.

లక్నవరంలో వేలాడే వంతెన వైపు తిప్పుతున్నాను, కింద అంతా నీళ్లే. స్క్రీన్ మీద 46 శాతం. చూస్తుండగానే 11. రిమోట్ బీప్ బీప్ అంటోంది, డ్రోన్ తనంతట తానే కిందికి దిగడం మొదలుపెట్టింది, అదీ చెరువు మీద. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఎడమ స్టిక్ పైకే నొక్కిపెట్టి, కుడి స్టిక్‌తో ఒడ్డుకు లాగాను. తుమ్మ చెట్టులో పడింది. రెండు రెక్కలు విరిగాయి, వెనక చేయి వదులైంది, గింబల్ వణుకుతోంది.

అక్కడే ఫోన్‌లో డ్రోన్ యాప్ సేఫ్టీలోకి వెళ్లి బ్యాటరీ ఇన్ఫో తెరిచాను. ఛార్జ్ చేసిన సంఖ్య: 187. లోపలి రెండు సెల్స్ దాదాపు సమానంగా ఉండాల్సింది, ఒకటి 3.8 వోల్టులు, ఇంకోటి 3.4. అంటే ఎవరో వాడి వాడి పీల్చేసిన బ్యాటరీకి కొత్త స్టిక్కర్, కొత్త కవర్. సెల్ అరిగిపోతే లోడ్ పడగానే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటిదాకా స్క్రీన్ మీద శాతం బాగానే కనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే షాపుకు పోయాను. కౌంటర్ దగ్గర ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడు, కొత్తగా కెమెరా పనిలోకి వచ్చినట్టున్నాడు. ఈయన అతనితో అంటున్నాడు: "తమ్మీ, సీల్డ్ పీస్. నువ్వు కాబట్టి ఇస్తున్న."

ఫోన్ తీసి 187 చూపించాను. అటు చూడను కూడా లేదు. "ఎవరు మీరు? ఎప్పుడు తీస్కపోయిన్రు?" మొన్నటిదాకా అన్నా! బిల్లు తీశాను. క్యాలెండర్ కాగితం వెనక "ఎలక్ట్రిక్ సామాను – 1" అని రాసిన చిట్టీ అది, సంతకం లేదు, ముద్ర లేదు. స్కానర్‌తో కట్టిన డబ్బులు చూపిస్తే అందులో షాపు పేరు లేదు, వేరే ఎవరిదో పేరుంది. "ఇది మా బ్యాటరీ కాదు. మాది మార్చి పాతది తెచ్చిన్రు" అన్నాడు, అందరికీ వినపడేట్టు. దొంగను చేశాడు నన్ను! కంప్లయింట్ ఇస్తానంటే, "పోండ్రి. కింద ఆటోలు దొరుకుతయ్" అని ఆ పిల్లాడి వైపు తిరిగి క్యాలిక్యులేటర్ నొక్కడం మొదలుపెట్టాడు.

పిల్లాడు మాత్రం బ్యాటరీ కింద పెట్టేసి నా వెనకే మెట్లు దిగాడు. ఒక్క గిరాకీ పోయింది ఆయనకు, అంతవరకు సంతోషం.

కొనేవాళ్లు డ్రోన్ వెంట తీసుకుపోండి. డబ్బు కట్టకముందే బ్యాటరీ పెట్టి ఛార్జ్ సంఖ్య చూడండి, సీరియల్ నంబర్ ఫొటో తీసి అదే నంబర్ బిల్లు మీద రాయించండి. రాయనంటే లేచి వచ్చేయండి. బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టున్నా ముట్టుకోవద్దు, అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. కాంబోలు వద్దు.

1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ రెండో అంతస్తులో ఇంకెవరైనా బ్యాటరీ కొని ఉంటే ఇవాళే యాప్ తెరిచి చూడండి, సంఖ్య తేడాగా ఉంటే మీరూ పెట్టండి.