చెప్పుల డబ్బాలో ఇంగ్లీషు: మూడున్నరేళ్ళ వాడకం తర్వాత

నేను ఇక్కడ చెప్పబోయే వస్తువు ఏ షాపులోనూ దొరకదు. ఒక ఖాళీ చెప్పుల డబ్బా, అట్టముక్కలు కోసి పెట్టిన నాలుగు అడ్డాలు, వాటితో ఏర్పడిన ఐదు అరలు, అరల్లో ఇంగ్లీషు నోటికి రావడానికి రాసుకున్న ఇండెక్స్ కార్డులు, అంటే చిన్న మందపాటి కాగితం ముక్కలు. మొదలుపెట్టడానికి రెండొందల రూపాయలు చాలు. నాది 2022 జనవరిలో బెంగళూరు మారతహళ్ళిలో, పీజీ మంచం కింద మొదలైంది. ఇప్పుడు కేఆర్ పురంలో మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. మూత రెండుసార్లు ఊడితే టేపు వేశాను. లోపల ఈరోజుకు 1,140 కార్డులున్నాయి.

మాది అనంతపురం జిల్లా. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంగ్లీషు రాదని కాదు. చదివితే అర్థమవుతుంది, మెయిల్ రాస్తే పెద్ద తప్పులుండవు. నోరు తెరిస్తే మాత్రం అవే ఆరేడు మాటలు: గుడ్, నైస్, ఇష్యూ, ప్రాబ్లం, బేసికల్లీ, యాక్చువల్లీ. రాత్రి రూములో ఆఫీసు కథ చెబుతుంటే మావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. అదే కథ మర్నాడు కాఫీ మిషన్ దగ్గర ఇంగ్లీషులో చెబితే, విన్నవాళ్ళు 'ఓకే' అని కప్పు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తెలుగులో నాకు ఉప్పూకారం ఉన్నాయి. ఇంగ్లీషులో నేను పథ్యం కూడు.

మారతహళ్ళిలో ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కు. అక్కడ ఇంగ్లీషు అవసరమే పడదు. మా పీజీ ఓనరు నెల్లూరాయన, మెస్సు గుంటూరువాళ్ళది, కిందున్న కిరాణా కొట్టాయనది మా పక్క ఊరే. నాకు రోజు మొత్తంలో ఇంగ్లీషుతో పనిపడేది పొద్దున మీటింగులో మూడు నిమిషాలు. మూడు నిమిషాలకు ఆరేడు మాటలు సరిపోతాయి.

సరిపోవని ఒకరోజు తెలిసింది. లండన్ క్లయింటు ఒకాయన కాల్‌లో ఏవో లెక్కలు చూపిస్తున్నాడు. మధ్యలో నేను 'ఐ హావ్ ఎ డౌట్' అన్నాను. మన క్లాసుల్లో చెయ్యెత్తి అడుగుతామే, ఆ డౌట్. ఆయన మాట్లాడడం ఆపేశాడు. ఏ అంకె తప్పనిపిస్తోందో చెప్పమన్నాడు. నాకు చెమటలు పట్టాయి. మనకు డౌటంటే ప్రశ్న, ఆయనకు డౌటంటే అపనమ్మకం. ఆయన చూపించినవాటిని నేను నమ్మడంలేదని అందరి ముందూ అన్నట్టయింది. 'క్వశ్చన్' అనే మాట నాకు తెలియదా? ఒకటో తరగతి నుంచి తెలుసు. తెలిసిన మాట అవసరానికి నోటికి రాలేదు, అంతే. ఆ వారాంతమే అవెన్యూ రోడ్డుకు వెళ్ళి కార్డులు కొన్నాను.

పద్ధతి నాది కాదు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ జర్మన్ భాషలో రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. కొత్త కార్డు మొదటి అరలో పడుతుంది. ఆ అరను రోజూ తిరగెయ్యాలి. జవాబు గుర్తొస్తే కార్డు రెండో అరకు వెళుతుంది. దాన్ని నేను రెండు రోజులకోసారి చూస్తాను. మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకు, ఐదోది నెలకు. ఏ అరలో ఉన్న కార్డు అయినా ఒక్కసారి తప్పితే నేరుగా మొదటి అరకే. వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడ్డట్టు. వచ్చినవాటి మీద టైము దండగ చేసుకోకుండా, రానివాటినే పట్టుకుని వేలాడేలా చెయ్యడం ఇందులోని కిటుకు.

మొదటి ఆరు నెలలు పూర్తిగా వృథా. తప్పు డబ్బాది కాదు, నాదే. పోటీ పరీక్షల లిస్టుల్లోంచి మాటలు ఏరి రాశాను. ముందువైపు 'లొక్వేషియస్', వెనకవైపు 'వాగుడుకాయ'. ఇలాంటివి 320. ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాణ్ణి. ఐదో అర నిండుతుంటే ఛాతీ ఉప్పొంగేది. కాల్‌లో మాత్రం మళ్ళీ గుడ్, నైస్, ఇష్యూ. ఒకే ఒక్కసారి ధైర్యం చేసి మెయిల్‌లో 'ప్లెథొరా ఆఫ్ బగ్స్' అని రాశాను, అంటే సాఫ్ట్‌వేర్‌లో కుప్పలు తెప్పలుగా తప్పులని. నాలుగు బగ్గులకు ప్లెథొరా ఏమిటని మా లీడ్ నెల రోజులు ఆటపట్టించింది.

జ్ఞాపకం మీద ప్రయోగాలు చేసిన ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎన్ని గంటలకు ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. మొదటి గంటల్లోనే చాలామటుకు పోతుంది, ఆ తర్వాత పోయేది నెమ్మదిస్తుంది. ఇది చదివినప్పుడు నాకు తట్టింది వేరే సంగతి. ఆయన కావాలని అర్థంలేని ముక్కలు ఎంచుకున్నాడు. నేను అర్థమున్న మాటలనే అలా తయారుచేసుకున్నాను. 'లొక్వేషియస్' అనాల్సిన అవసరం నా బతుకులో ఏరోజు వచ్చింది గనక?

అప్పుడు కార్డును తిరగేశాను. ముందువైపు నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన తెలుగు వాక్యం. వెనకవైపు దాని ఇంగ్లీషు. నియమం ఒక్కటే: నిజంగా ఆరోజు గొంతులో ఇరుక్కున్న వాక్యమే కార్డవ్వాలి. ఏ రోజు మాట ఆ రోజే చిన్న నోటుబుక్కులో గీకి, రాత్రి కార్డెక్కిస్తాను. పాత 320లో ఓ ఇరవై ఉంచుకుని మిగతావి చింపేశాను. 1,140 అన్నానే, అవి చాలావరకూ అప్పటినుంచి చేరినవే. సగటున రోజుకొకటి.

కొన్ని కార్డులు చెబుతాను. 'ఈ బగ్గు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు' అన్న కార్డు వెనక 'ఇంటర్మిటెంట్' ఉంది. ఈ ఒక్క మాట రాక ఎన్ని కాల్స్‌లో 'సమ్‌టైమ్స్ కమింగ్, సమ్‌టైమ్స్ నాట్ కమింగ్' అన్నానో లెక్కలేదు. 'ఒప్పుకున్నాడు గానీ మనసొప్పి కాదు' వెనక 'రిలక్టెంట్‌లీ'. 'చెప్పింది నమ్మేలాగే ఉంది, నిజమో కాదో చూడాలి' వెనక 'ప్లాజిబుల్'. 'అడిగినదానికి జవాబివ్వకుండా మాట దాటేస్తున్నాడు' వెనక 'డాడ్జింగ్ ద క్వశ్చన్'. 'అంతా కుదిరిందనుకుంటే చివర్లో తప్పిపోయింది' వెనక 'ఫెల్ త్రూ'. ఈ చివరిదాన్ని చూసే నాకు బుద్ధొచ్చింది. ఫాల్ తెలుసు, త్రూ తెలుసు. రెండూ కలిస్తే వచ్చే అర్థం మాత్రం తెలియదు. మైకేల్ వెస్ట్ అనే ఆయన బెంగాల్లో ఇంగ్లీషు చదువుల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాడు, 1953లో బాగా వాడుకలో ఉన్న రెండు వేల మాటల జాబితా వేశాడు. తిరగేస్తే అందులో నాకు తెలియనివి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. గెట్, హోల్డ్, టర్న్, రన్, బ్రింగ్, అన్నీ చుట్టాలే. పిలిచి పని చెప్పడమే చేతకాలేదు.

మాటల జతల సంగతి ఇంకా ముఖ్యం. తెలుగులో మండుటెండ అంటాం, కారుచీకటి అంటాం. మండు చీకటి, కారు ఎండ అనం. ఎందుకనం అంటే చెప్పలేం, చెవికి తెలుస్తుంది. ఇంగ్లీషుకూ అలాంటి చెవి ఉంది, అది నాకు లేదు. పెద్ద వాన కదా అని 'బిగ్ రెయిన్' అనేవాణ్ణి. వాళ్ళకది హెవీ రెయిన్. టీ చిక్కగా ఉంటే స్ట్రాంగ్. ట్రాఫిక్ మళ్ళీ హెవీ, బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో నిలబడ్డవాడెవడైనా ఒప్పుకుంటాడు. అందుకే వెనకవైపు ఒంటరి మాట రాయడం మానేశాను. వాక్యం రాసి, జతను గీతతో కలుపుతాను. ఒకే కార్డు మీద నాలుగు పర్యాయపదాలు రాసే అలవాటు కూడా పోయింది. నాలుగూ కలగాపులగమై, కావలసినప్పుడు ఒక్కటీ దొరికేది కాదు.

వెనకవైపు ఏం రాయాలో ఎక్కడ దొరుకుతుంది? ఆంధ్రభారతి సైటులో బ్రౌన్ నిఘంటువును డబ్బు కట్టకుండా వెతుక్కోవచ్చు. తెలుగు మాట ఇస్తే ఇంగ్లీషు చెబుతుంది కాబట్టి నాకు కావలసిన దారి అదే. అయితే అది 1852 నాటిది. అందులోని ఇంగ్లీషును యథాతథంగా మీటింగులో వదిలితే దొరగారు గుర్రం దిగి వచ్చినట్టుంటుంది. కాబట్టి అక్కడ దొరికిన మాటను, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం తేలిక మాటల్లో రాసిన డిక్షనరీలో మళ్ళీ సరిచూస్తాను. ఉదాహరణ వాక్యం లేకపోతే ఆ మాటను ముట్టుకోను. ఆఫీసులో బాగా మాట్లాడేవాళ్ళ నోటినుంచి ఏరుకున్నవి అన్నిటికన్నా బాగా నిలిచాయి. కన్నడం, తమిళం, బెంగాలీ, హిందీ ఇళ్ళవాళ్ళం ఒక్క టేబుల్ దగ్గర కూర్చుంటాం. వాళ్ళూ నాలాగే ఎక్కడో తడుముకుని నేర్చుకున్నవాళ్ళే.

కేఆర్ పురం మారాక వాడకం తేలికైంది. ఇంటిదగ్గరినుంచి వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో 2023 మార్చిలో మొదలైంది. ఆఫీసు స్టేషన్ పట్టందూర్ అగ్రహార. ఇరవై నిమిషాలు కూడా పట్టదు, ఇరవై కార్డులకు రబ్బరు బ్యాండు వేసి చొక్కా జేబులో పెట్టుకుంటే దిగేలోగా అయిపోతాయి. సీటు దొరక్కపోయినా ఒంటిచేత్తో తిప్పొచ్చు. మొదట్లో పేకముక్కలనుకుని ఒకాయన తొంగిచూశాడు.

ఇదే పని ఫోన్లో చేసే ఆంకీ అనే యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఏ కార్డు ఏ రోజు చూడాలో అదే చెబుతుంది. ఆరు వారాలు వాడాను. ఫోను చేతిలో ఉంటే నేను వాట్సాప్‌లోకి జారిపోతాను, తప్పు యాప్‌ది కాదు. నిగ్రహం ఉన్నవాళ్ళకు డబ్బాకన్నా అదే మేలు.

డబ్బాకున్న అసలు లోపం దానికి నోరు లేకపోవడం. తెలుగువాళ్ళం రాసినదే పలుకుతాం, రాసినట్టే పలుకుతాం. 'సటిల్' అనే మాటను ఏడాదిపాటు 'సబ్‌టిల్' అంటూ ఐదో అర దాకా మోసుకెళ్ళాను. అందులో బి పలకదని ఎవరూ చెప్పలేదు. 'ఎపిటమీ'ని 'ఎపిటోమ్' అన్నాను, అదీ ఇంటర్వ్యూ తీసుకునే కుర్చీలో కూర్చుని. ఇప్పుడు ప్రతి కార్డు మూలన పలికే తీరును తెలుగు లిపిలో రాసుకుంటున్నాను, ముందు ఫోన్లో డిక్షనరీ ఉచ్చారణ విని. రెండో లోపం, మాట ఎంత ఘాటో కార్డు చెప్పదు. చిరాకు, విసుగు, ఉక్రోషం, అక్కసు, ఒళ్ళుమంట, అన్నిటికీ నా దగ్గర 'యాంగ్రీ' ఒక్కటే ఉండేది. ఇరిటేటెడ్, ఫెడప్, రిజెంట్‌ఫుల్ అని విడగొట్టుకున్నాక సంబరమేసి, ఆలస్యంగా వచ్చిన రిపోర్టు గురించి పై ఆఫీసరుకు 'ఫెడప్' అని రాసేశాను. చిన్న మాటే కదా అనుకున్నా. ఆయన ఫోన్ చేసి అంతా కులాసాయేనా అని అడిగాడు. ఇప్పుడు అలాంటి కార్డుల మీద ఎర్ర చుక్క పెడుతున్నా: ఫ్రెండ్స్ దగ్గరే.

ఫలితం అడిగితే, ఐదో అరలో 600 పైన ఉన్నాయి. తడుముకోకుండా నోటికి వచ్చేవి మూడొందలుంటాయేమో. మూడున్నరేళ్ళకు మూడొందలా అని మా బావమరిది నవ్వాడు. వాడికి ఇక్కడే ఉద్యోగాల వేట. రెండు నెలల్లో పరీక్ష రాయాల్సినవాడికి ఈ డబ్బా పనికిరాదు, లిస్టు బట్టీ కొట్టడమే దారి. అయినా అడిగాడు కదా అని ఓ మూడొందల కార్డులు నకలు తీసి ఇచ్చాను. నెల తిరక్కుండా తెచ్చిచ్చేశాడు.

'బావా, ఈ ఇంటర్మిటెంట్ తో నేనేం చేసుకోవాలి? నాకు కావలసింది, ఇంటర్వ్యూలో రెండేళ్ళ గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగితే అబద్ధం కాకుండా, ఏడుపు కాకుండా ఎలా చెప్పాలని.'

అదే రాసుకోమన్నాను, ఆ వాక్యమే, తెలుగులో. వెనకవైపు నింపడానికి ఇద్దరికీ ఆదివారం మధ్యాహ్నం అంతా పట్టింది.

ఖాళీ వెనకతో రెండేళ్ళుగా మొదటి అరలోనే ఉన్న కార్డు నా దగ్గరా ఒకటుంది. ముందువైపు 'అలక'. 'సల్క్' అని రాసి కొట్టేశాను. అందులో మూతి ముడుచుకోవడమే ఉంది, ఎవరో వచ్చి బతిమాలతారన్న ఎదురుచూపు లేదు. పోయిన నెల ఆఫీసునుంచి పెందలాడే బయల్దేరుతుంటే ఎందుకని అడిగారు. మా ఆవిడ అలిగింది. కాఫీ మిషన్ దగ్గరే నిలబడి, పెళ్ళిలో అల్లుడు అలకపాన్పు ఎక్కి కూర్చుంటే మామగారు ఏదో ఒకటి ఇచ్చి దింపడం మొదలుపెట్టి, నేనిప్పుడు మల్లెపూలు కొనుక్కుని వెళ్ళకపోతే ఏమవుతుందో దాకా చెప్పాను. గెట్, హోల్డ్, టర్న్ తప్ప ఒక్క పెద్ద మాట లేదు. బెంగాలీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. వాళ్ళింట్లో దాన్ని అభిమాన్ అంటారట. ఎవరూ కప్పు తీసుకుని వెళ్ళిపోలేదు. కార్డు వెనక మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.