రారొటోంగాలో బస్సు మీద తిరగడం: మూడు ట్రిప్పుల తర్వాత

నాకు స్కూటర్ రాదు. మా ఆయనకి వచ్చు గానీ ఎవర్నైనా వెనకాల కూర్చోబెట్టుకుని తిప్పే ధైర్యం చెయ్యడు. అందుకే పసిఫిక్ మహాసముద్రంలో కుక్ దీవుల్లో ఒకటైన రారొటోంగాకి వెళ్ళిన మూడుసార్లూ మేం ఎక్కువగా బస్సు మీదే తిరిగాం. 2016లో మేమిద్దరమే, 2019లో రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మతో, 2023లో మా బాబుతో. బీచ్‌లూ లగూన్‌లూ అందరూ ఫోటోలు పెడుతూనే ఉన్నారు కాబట్టి నేను బస్సు గురించే చెప్తా, ఎందుకంటే నాకు ఆ దీవి మీద అంత ఇష్టం కలగడానికి కారణం అదే.

దీవి చుట్టూ ఒకటే పెద్ద రోడ్డు, మొత్తం 32 కిలోమీటర్లు. బస్సులకి నంబర్లు లేవు, ఒకదాని మీద క్లాక్‌వైజ్ అని, ఇంకోదాని మీద యాంటీ క్లాక్‌వైజ్ అని రాసుంటుంది, అంతే. ఒక చుట్టు గంటలోపే అయిపోతుంది. స్టాప్ దాకా వెళ్ళక్కర్లేదు, రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే ఆపుతారు. మనలాగే అక్కడా ఎడమవైపు నడుపుతారు కాబట్టి క్లాక్‌వైజ్ కావాలంటే సముద్రం వైపు నిలబడాలి, రెండోది కావాలంటే కొండ వైపు. అమ్మ మొదటిరోజు క్లాక్‌వైజ్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాసేపు చూసి, "కొండ ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉంటోందే, ఇది ప్రదక్షిణం బస్సు" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు అదే. అరుణాచలం గిరిప్రదక్షిణ మోకాళ్ళ నొప్పులవల్ల చెయ్యలేకపోయానని అమ్మకి చాన్నాళ్ళుగా బాధ, ఇక్కడ మాత్రం రోజూ పొద్దున్నే ఒక చుట్టు తిరిగొద్దాం పదమ్మా అని తనే బయల్దేరేది. బస్సు ఎక్కగానే డ్రైవర్ "కియా ఒరానా" అని వాళ్ళ భాషలో పలకరిస్తే అమ్మ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టేది.

ఇంకో మాట, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో శనివారం ఫ్లైట్ ఎక్కితే అక్కడ శుక్రవారం దిగుతాం, మధ్యలో అంతర్జాతీయ తేదీ రేఖ దాటుతాం కాబట్టి. అమ్మకి శనివారం ఒక్కపొద్దు. ఫ్లైట్‌లో ఉన్నది శనివారమేగా అని ఉంది, మర్నాడు మళ్ళీ శనివారమే వచ్చింది, మళ్ళీ ఉంది. అదృష్టంకొద్దీ ఆ రోజే దీవిలోని ముఖ్య పట్టణం అవరువాలో పునంగా నుయి సంత, అరటిపళ్ళూ కొబ్బరిబోండాలూ దొరికాయి.

ఇక అసలు సంగతి. మా గది దక్షిణాన టిటికవేకాలో. సూర్యాస్తమయం బాగుంటుందని ఒకరోజు సాయంత్రం పడమటి వైపు అరొరాంగికి వెళ్ళాం. తిరిగి రావడానికి యాంటీ క్లాక్‌వైజ్ అయితే దగ్గర దారి అని కొండ వైపు నిలబడ్డాం. ఆ బస్సు సాయంకాలానికే ఆగిపోతుందని మాకు తెలీదు, గదిలో గోడకి అంటించిన టైంటేబుల్ పాతదట, తర్వాత తెలిసింది. ఇంతలో ఎదురుగా సముద్రం వైపు క్లాక్‌వైజ్ బస్సు వచ్చింది, డ్రైవర్ బండి నెమ్మది చేసి మావైపు చూశాడు కూడా, నేనే వద్దని చెయ్యూపాను. రోడ్డు గుండ్రంగా ఉన్నప్పుడు ఎటు ఎక్కినా ఇల్లు వస్తుందన్న సంగతి ఆ క్షణంలో తట్టలేదు. బస్సు వెళ్ళిపోయాక తట్టింది.

చీకటి పడింది, చాలాచోట్ల వీధి దీపాలు లేవు, కుక్కలు రోడ్డు మధ్యలో పడుకుని ఉన్నాయి. ఒక ఇంటి ముందు పొట్టి గోడ మీద అమ్మని కూర్చోబెట్టాను. ఆ వాకిట్లోనే తెల్లగా సున్నం వేసిన రెండు సమాధులున్నాయి, పైన రేకుల కప్పు, ముందర తాజా పూలు. అమ్మ భయపడుతుందేమో అనుకున్నా గానీ, "పెద్దవాళ్ళని దూరంగా పంపకుండా ఇంటి ముందే పెట్టుకున్నారు" అని చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది. మోకాలు మాత్రం బాగా పట్టేసింది, చెప్పకుండా నొక్కుకుంటోంది, అది చూస్తే నామీద నాకే కోపం వచ్చింది.

దాదాపు గంటకి బస్సు వచ్చింది. అదే బస్సు, అదే డ్రైవర్, దీవి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఏమీ అడగలేదు, బస్సు దిగి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించాడు. అవరువా మీదుగా, మూరి మీదుగా, దీవిలో చాలాభాగం చుట్టి మా గది గేటు ముందే దించాడు. అమ్మ ఆయనకి సంచిలో మిగిలిన అరటిపళ్ళు ఇచ్చింది.

2016 నుంచీ అడిగినవాళ్ళందరికీ అక్కడ బండి అవసరమే లేదు అని చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పగలు, వారం మధ్యలో అయితే బస్సు చాలు. ఆదివారం ఊరంతా చర్చికి వెళ్తుంది, బస్సులు తగ్గుతాయి. లోపలి పాత రోడ్డు వైపు, కొండ దాటే కాలిబాట మొదలు దాకా బస్సు రాదు. బాబుతో వెళ్ళినప్పుడు రెండు రోజులు కారు తీసుకున్నాం, వాడి నిద్ర టైము బస్సు టైముకి కుదరక. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకీ, తొందర లేనివాళ్ళకీ ఇవేవీ అడ్డు కాకపోవచ్చు, మాకు మాత్రం అమ్మ మోకాళ్ళు, బాబు నిద్ర చూసుకోవాలి. ఈసారి వెళ్తే గది అరొరాంగిలోనే తీసుకుంటాను, సూర్యాస్తమయం చూసి నాలుగడుగులు నడిస్తే ఇల్లు వచ్చేలా, ప్రదక్షిణం బస్సు పొద్దున పూటకి.