కొండబాటల కోసం ‘తేలికైన మాగ్నం’ అమ్మజూపే దుకాణాలతో జాగ్రత్త

టెక్సస్‌లోనూ చుట్టుపక్కల రాష్ట్రాలలోనూ స్థిరపడి, సెలవులలో కొండలకూ అడవులకూ నడకకు వెళ్ళే తెలుగువారిలో కొందరు ఆత్మరక్షణకు చేతి తుపాకీ కొనాలని ఆలోచిస్తున్నారు. ఈ హెచ్చరిక వారి కోసం. డాలస్ శివార్లలోని ఒక తుపాకుల దుకాణం, నడకదారులకు దీనికి మించినది లేదని చెప్పి, తూటాలు నింపకుండా 12 ఔన్సులు, అంటే సుమారు 340 గ్రాములు మాత్రమే తూగే 357 మాగ్నం (మామూలు వాటి కన్నా బలమైన తూటాలు పేల్చే రకం) రివాల్వర్‌ను నాకు అమ్మింది. దానితో పాటు ఆ దుకాణమే అమ్మిన తూటాలతో అది షూటింగ్ రేంజ్‌లోనే బిగుసుకుపోయింది. ఫిర్యాదు నడుస్తున్నందున దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకును ఇవే మాటలతో అమ్మే దుకాణాలు ఇంకా ఉంటాయి కాబట్టి, కొనేవారికి ఆ పేరు కన్నా ఆ మాటలు తెలియడమే ఎక్కువ ఉపయోగం.

ఆ మాటలు ఇవి: రివాల్వర్ కనుక ఎన్నటికీ జామ్ కాదు, మాగ్నం కనుక ఎలుగుబంటికైనా చాలు, తేలిక కనుక రోజంతా నడిచినా నడుముకు ఉన్నట్టే తెలియదు. వీటిలో మూడవది మాత్రమే నిజం. మొదటి రెండూ నిజం కాకుండా పోవడానికి కారణం కూడా ఆ మూడవదే.

పేలిన ప్రతిసారీ రివాల్వర్ వెనక్కి తన్నుతుంది. తూటాలను పట్టి ఉంచి తిరిగే సిలిండర్‌లో తమ వంతు కోసం ఉన్న మిగతా తూటాల ఇత్తడి గొట్టాలు, వాటి అంచులు సిలిండర్‌కు ఆని ఉండడం వల్ల, తుపాకీతో పాటే వెనక్కి కదులుతాయి. వాటి మూతిలో బిగించిన బరువైన గుండు మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. గొట్టం మూతిని గుండు చుట్టూ నొక్కి పట్టించే బిగింపు, అంటే క్రింప్, గట్టిగా లేకపోతే ఒక్కొక్క తన్నుకూ గుండు కొద్దికొద్దిగా ముందుకు జారి, చివరికి సిలిండర్ ముందు అంచును దాటి బయటికి పొడుచుకువస్తుంది. అప్పుడు సిలిండర్ తిరగదు, ట్రిగ్గర్ కదలదు, చాలాసార్లు సిలిండర్‌ను పక్కకు తెరవడానికి కూడా వీలుండదు. బరువైన ఉక్కు రివాల్వర్‌లో ఇవే తూటాలు ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు, ఎందుకంటే ఆ తన్నులో చాలా భాగాన్ని దాని బరువే మింగేస్తుంది. ఆటోమేటిక్ పిస్టల్ జామ్ అయితే స్లైడ్‌ను, అంటే జరిగే పై భాగాన్ని, వెనక్కి లాగి సరిచేసుకునే అవకాశం చాలా సందర్భాలలో ఉంటుంది. ఇలా బిగుసుకున్న రివాల్వర్‌ను విప్పడానికి మాత్రం బల్ల, పనిముట్లు, తీరిక కావాలి. నా విషయంలో బ్యారెల్‌ను, అంటే గుండు బయటికి వచ్చే గొట్టాన్ని, గురి వైపే ఉంచి రేంజ్ అధికారిని పిలిచాను. అక్కడి మరమ్మతు నిపుణుడు దానిని విప్పి, పొడుచుకువచ్చిన గుండును చూపించి, తేలికపాటి మాగ్నంలలో ఇది తనకు కొత్త కాదని చెప్పాడు. కౌంటర్ వెనుక నిలబడి రోజూ వాటినే అమ్మే మనిషికి ఈ సంగతి తెలియదంటే నమ్మడం కష్టం.

ఇప్పటికే ఇలాంటి రివాల్వర్ ఉన్నవారు చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. ఐదు తూటాల సిలిండర్ అయితే, చివర పేలవలసిన తూటా పొడవును కాలిపర్ అనే కొలత పనిముట్టుతో ముందుగా కొలిచి రాసుకోవాలి. ఐదూ నింపి, నాలుగు పేల్చి, ఐదవదాన్ని పేల్చకుండా బయటికి తీసి మళ్ళీ కొలవాలి. పొడవు స్పష్టంగా పెరిగితే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు. అలా జారిన తూటాను మళ్ళీ నింపి వాడకూడదు. తూటాల కంపెనీని మార్చినప్పుడల్లా ఈ పరీక్ష మొదటి నుంచి చేయాలి. ఒక రకం నెగ్గినంత మాత్రాన అదే బరువున్న మరో రకం నెగ్గుతుందని అనుకోవడానికి లేదు.

బరువైన గుండు జారుతున్నప్పుడు తేలికైనది వాడితే సరిపోతుంది కదా అని అనిపించవచ్చు. అక్కడ మరో చిక్కు ఉంది. బరువు తగ్గించడానికి కొన్ని మోడళ్ళలో సిలిండర్‌ను టైటానియంతో చేస్తారు. మరీ తేలికైన గుండుతో నింపిన మాగ్నం తూటాలలో మండే మందు ఆ సిలిండర్ లోపలి భాగాన్ని తినివేస్తుంది. అందువల్ల 120 గ్రెయిన్ల (సుమారు 7.8 గ్రాముల) కన్నా తక్కువ బరువున్న గుండును మాగ్నంలో వాడరాదని కొన్నిటి బ్యారెల్ మీదే చెక్కి ఉంటుంది. అంటే తేలికైన గుండు తుపాకీకి హాని, బరువైన గుండు జారే ప్రమాదం. ఈ రెంటికీ మధ్య మిగిలేది సన్నని దారి. ఆ దారిలో ఏ తూటాలు ఉన్నాయో చెప్పకుండా ఇలాంటి తుపాకీని అమ్మితే సగం సరుకే ఇచ్చినట్టు.

ఇక ఎలుగుబంటి మాట. పెట్టె మీద ముద్రించే వేగం సాధారణంగా నాలుగు అంగుళాలో అంతకు మించో పొడవున్న పరీక్షా బ్యారెల్ నుంచి కొలిచినది. 158 గ్రెయిన్ల మాగ్నంకు సెకనుకు 1,235 అడుగులని రాసి ఉంటే, రెండు అంగుళాలైనా లేని బ్యారెల్ నుంచి అందులో వంద అడుగులకు పైగా తగ్గడం మామూలే. మాగ్నం అన్న పేరుకు కట్టిన ధరలో కొంత భాగం ఆ పొట్టి గొట్టం ముందు మంటగా, చప్పుడుగా పోతుంది. వేగం కన్నా ముఖ్యమైనది చేతికి తగిలే దెబ్బ. ఇంత తేలికైన తుపాకీతో పూర్తి శక్తి గల మాగ్నంలు కొన్ని పేల్చేసరికే అరచేయి మండుతుంది, రెండవ గురి కుదరడానికి సమయం పడుతుంది, మరుసటి వారం సాధన చేయాలంటే మనసు వెనుకాడుతుంది. సాధన లేని తుపాకీ నడుముకు ఉన్నా ఒకటే, బీరువాలో ఉన్నా ఒకటే.

దుకాణం చేసిన రెండవ పని మోసమని చెప్పడానికి నేను సందేహించను. తుపాకీ సరికొత్తదన్నారు, కానీ పెట్టెలో తయారీదారు పుస్తకం లేదు. సిలిండర్ చుట్టూ అరిగిన గీత స్పష్టంగా కనిపించింది. ఫ్యాక్టరీలో ప్రతి తుపాకీని కొన్నిసార్లు పేల్చి చూస్తారు కాబట్టి కొద్దిపాటి గీత ఉండవచ్చునని వారు సమర్థించుకున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందుకు పైన, ఫ్రేము పై పట్టీ అడుగు వైపున వేడి వాయువు కోసిన గుంత కూడా ఉందని మరమ్మతు నిపుణుడు చూపించాడు. అది ఫ్యాక్టరీ పరీక్షకు పడే గుర్తు కాదు, బాగా వాడిన తుపాకీకి పడే గుర్తు. కాబట్టి డబ్బు కట్టకముందే, దుకాణదారు అనుమతితో సిలిండర్ తెరిచి ఖాళీగా ఉన్నదని మీ కళ్ళతో చూసుకున్న తరువాత, చిన్న టార్చి వేసి ఆ భాగాన్ని పరిశీలించండి. సిలిండర్ మూసి, ముందుకూ వెనక్కూ మెల్లగా కదిపి చూడండి. అది లొడలొడలాడితే అక్కడితో బేరం వదిలేయండి.

తూటాలు కూడా అలాంటివే. ‘రీమాన్యుఫాక్చర్డ్’ అన్న ముద్ర తప్ప తయారీదారు పేరైనా లేని తెల్ల అట్టపెట్టెలో, వాడేసిన ఇత్తడి గొట్టాలలో మళ్ళీ మందు, గుండు కూరినవి అవి. ధర తక్కువ, సాధనకు బాగుంటాయన్నారు. అమ్మకానికి తూటాలు తయారుచేసేవారికి అమెరికాలో ఫెడరల్ లైసెన్స్ తప్పనిసరి కాబట్టి, పేరు లేని పెట్టె కనిపిస్తే తయారుచేసింది ఎవరని అడిగే హక్కు కొనేవారికి ఉంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, తిరిగి నింపిన తూటాలు వాడితే వారంటీ చెల్లదని తుపాకీ తయారీదారుల పుస్తకాలలో సాధారణంగా రాసి ఉంటుంది. నాకూ అదే సమాధానం వచ్చింది. పెట్టెలో లేని పుస్తకంలో ఉన్న షరతును, దుకాణం అమ్మిన తూటాలతోనే నేను ఉల్లంఘించానట!

హోల్‌స్టర్, అంటే తుపాకీ పెట్టుకునే ఒర, విషయం క్లుప్తంగా చెబుతాను. ప్యాంటు లోపల పెట్టుకునే మెత్తని గుడ్డ సంచిని అంటగట్టారు. వీపు సంచికి ఉండే నడుము పట్టీ సరిగ్గా దాని మీదకే వచ్చి నొక్కుతుంది. అప్పుడు తుపాకీ అందదు సరికదా, మెత్తని గుడ్డ కనుక ట్రిగ్గర్ మీద కూడా ఒత్తిడి పడే ప్రమాదం ఉంది. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ తప్ప మరొకటి తీసుకోవద్దు. బరువైన సంచితో నడిచేవారు ఛాతీ మీద కట్టుకునేది వాడడం అందుకే. మీ సంచిని దుకాణానికి తీసుకువెళ్ళి, భుజానికి తగిలించుకుని చూసిన తరువాతే కొనండి.

తిరిగి ఇవ్వబోతే, తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ ఫారం 4473 పూర్తయి తుపాకీ చేతికి వచ్చాక అది వాడిన సరుకేనని, వెనక్కి తీసుకోవడం కుదరదని అన్నారు. కావాలంటే కొంటామంటూ చెప్పిన ధర, నేను కట్టిన దానిలో సగానికి కొంచెం పైన. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. తుపాకుల దుకాణాలలో చాలావాటి నియమం ఇదే కనుక, వాపసు ఉంటుందన్న ఆశ పెట్టుకోకుండా, అద్దెకు తుపాకులు ఇచ్చే రేంజ్‌లో అదే మోడల్‌ను అదే రకం తూటాలతో పేల్చి చూడడం ఒక్కటే మన చేతిలో ఉన్న రక్షణ. అద్దె, తూటాల ఖర్చు కలిపినా, నేను పోగొట్టుకునే మొత్తంలో అది చిన్న భాగం. పక్కనే, ఖాళీగా సుమారు 24 ఔన్సులు తూగే గ్లాక్ 19 లాంటి మధ్యరకం 9 ఎంఎం పిస్టల్‌ను, నాలుగు అంగుళాల బ్యారెల్ ఉన్న ఉక్కు రివాల్వర్‌ను కూడా పేల్చి పోల్చుకోండి. అదనపు బరువు దేనికి పనికివస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది మరొకటి ఉంది. నా వెనుక వరుసలో హెచ్-1బి వీసా మీద ఉన్న ఒక తెలుగు యువకుడికి, వేట లైసెన్స్ ఒకటి కొనుక్కుంటే ఇక దిగులు లేదని అదే కౌంటర్‌లో చెప్పడం విన్నాను. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అమెరికాలో చట్టబద్ధంగా పొందిన వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ అది ఆ లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నంత కాలమే. గడువు తీరిన మర్నాడు ఇంట్లో ఉన్న తూటాల పెట్టె కూడా నేరమే అవుతుంది. తుపాకీ నేరం రుజువైతే శిక్షతో పాటు దేశం నుంచి పంపివేయడానికి కూడా చట్టం అవకాశమిస్తుంది. వీసా మీద ఉన్న మిత్రుడి కోసం గ్రీన్‌కార్డు ఉన్నవారు తమ పేరున కొనిపెట్టడం మరీ ప్రమాదం. అలా మరొకరి కోసం కొనడానికి 2022 నాటి చట్టం ప్రకారం 15 ఏళ్ళ వరకు జైలు పడవచ్చు. ఇక్కడ దుకాణదారు మాట వినవద్దు, వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని అడగండి.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండిన అర్హులకు చేతి తుపాకీ వెంట ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కరలేదు. కౌంటర్‌లో గట్టిగా చెప్పేది ఇదే, చెప్పనిది సరిహద్దు సంగతి. మనలో చాలామంది నడకకు వెళ్ళేది న్యూ మెక్సికోకు, కొలరాడోకు. అక్కడ బాట మీద దాచి మోయడానికి చెల్లుబాటయ్యే లైసెన్స్ కావాలి. అందుచేత టెక్సస్‌లో అక్కరలేకపోయినా ఇక్కడి లైసెన్స్ తీసుకుని, ప్రయాణానికి ముందు ఆ రాష్ట్రం దానిని ఏ షరతుల మీద గుర్తిస్తున్నదో చూసుకోవాలి. కాలిఫోర్నియా అయితే ఇతర రాష్ట్రాల లైసెన్స్ వేటినీ గుర్తించదు. జాతీయ పార్కులలో 2010 ఫిబ్రవరి నుంచి ఆయా రాష్ట్రాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవచ్చు గాని, సందర్శకుల కేంద్రం వంటి ఫెడరల్ భవనాలలోకి తీసుకువెళ్ళరాదు.

ఎలుగుబంటి భయమే కారణమైతే, ముందుగా బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీద చల్లే మిరప ఘాటు డబ్బా, కొనండి. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన ఘటనలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, గోధుమ రంగు ఎలుగుబంట్లను ఆ స్ప్రే 92 శాతం సందర్భాలలో నిలువరించిందని తేలింది. దాని ధర ఒక్క పెట్టె మంచి తూటాల ధరకు అటూ ఇటూగా ఉంటుంది. యోసెమిటీ పార్కులో మాత్రం దానికి అనుమతి లేదు, విమానంలో సామానులో పెట్టి పంపడానికీ వీలులేదు, కనుక వెళ్ళిన ఊరిలో కొనుక్కోవలసిందే.

ఇప్పటికే ఇలా మోసపోయినవారు తుపాకీని బాగుచేయించకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. రసీదు, తెల్ల అట్టపెట్టె, జారిన తూటా, మరమ్మతు నిపుణుడు రాసి ఇచ్చిన కాగితం, వీటిలో దేన్నీ పారవేయవద్దు. వాడిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం టెక్సస్ వినియోగదారుల రక్షణ చట్టంలో పేరు పెట్టి నిషేధించిన పని. నేను రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు పంపి, క్రెడిట్ కార్డు బ్యాంకు ద్వారా చెల్లింపును కూడా ప్రశ్నించాను. రసీదు మీద ‘కొత్తది’ అన్న మాట రాసి ఉండడం నాకు కలిసివచ్చింది. మీరు కొనేటప్పుడు ఆ మాటను అడిగి మరీ రాయించుకోండి.