ఫర్రీమక్‌లో నా అలుగు: అక్షరాలతోనే నడిచే లోకం మీద రివ్యూ

జంతువు పాత్ర వేసుకుని, రాతతోనే ఆడే రోల్‌ప్లే మీద ఇష్టం ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. ఫర్రీమక్ అంటే ఇంటర్నెట్‌లో చాలామంది కలిసి జంతువుల పాత్రల్లో రాసుకుంటూ ఆడే చోటు. నాకు చాలా నచ్చింది, కానీ అందరికీ నచ్చే రకం కాదు. బొమ్మలు లేవు, అవతార్ లేదు, నల్లటి స్క్రీన్ మీద వరసగా దొర్లే అక్షరాలే ఉంటాయి. 1990 నుంచీ ఇలాగే నడుస్తోంది, డబ్బులేమీ అడగరు.

దీని పుట్టుక తెలిస్తే అక్కడి తీరు కూడా అర్థమవుతుంది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ పెంచిన మడ్ అనే ఆట ఈ కుటుంబానికంతా పెద్ద. ఆ ఆటలో పాయింట్లు ఉండేవి, పోరాటాలు ఉండేవి. 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన టైనీమడ్ వచ్చాక పోరాటం పక్కకి వెళ్ళింది, ఎవరికి వాళ్ళు గదులు కట్టుకోవడం, కూర్చుని మాట్లాడుకోవడం ముఖ్యమైంది. ఆ ప్రోగ్రాం నుంచి టైనీమక్ అనే ఇంకో ప్రోగ్రాం వచ్చింది, దాని మీద నడిచేదే ఫర్రీమక్. అందుకే ఇక్కడ గెలవడానికి ఏమీ ఉండదు, మీరెవరో మీరు రాసుకోవాలి, అంతే.

నేను ఇంతకుముందు వేరే ఒక సైట్‌లో, పేరు అనవసరం, పులి పాత్ర వేసేదాన్ని. అక్కడ పాత్ర అంటే పెద్ద ఫారం: కళ్ళ రంగు, చారల రంగు, హోదా, గతం, బలాలు, బలహీనతలు. అన్నీ నింపాక కూడా ఆ పులి నాకు తెలిసేది కాదు. మాట్లాడాల్సి వస్తే ఏం మాట్లాడుతుందో తోచేది కాదు. ఒకరోజు ఆ సైట్ చెప్పాపెట్టకుండా మూతపడింది, రెండేళ్ళ రాత మొత్తం పోయింది. చాలా బాధపడ్డాను, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

ఇక్కడ పని వేరుగా ఉంటుంది. ముందు గెస్ట్‌గా వెళ్ళి చుట్టూ చూడొచ్చు, తర్వాత పాత్ర కావాలని అడగాలి. విండోస్‌లో అయితే ఇలాంటి చోట్లకి కనెక్ట్ అవడానికి మష్‌క్లయింట్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, అది పెట్టుకోండి, టెల్‌నెట్ అనే మామూలు పాత ప్రోగ్రాంతో అయితే మనం టైప్ చేస్తున్న వాక్యం మధ్యలోకి అవతలివాళ్ళ మాటలు దూరి చికాకు పుడుతుంది. లోపలికి వెళ్ళాక మన పాత్ర ఏ జంతుజాతిదో పెట్టుకోవాలి, డబ్ల్యూ ఎస్ (ws) అని కొడితే ఆ గదిలో ఉన్న అందరి పేరు, జాతి, ఆడా మగా అన్నది వరసగా కనిపిస్తుంది. నక్కలు, తోడేళ్ళు కావలసినన్ని ఉంటాయి. అందుకే నేను ఒళ్ళంతా పొలుసులుండే అలుగుని, అంటే పంగోలిన్‌ని, ఎంచుకున్నాను.

మా అమ్మమ్మ వాళ్ళది నల్లమల అంచున ఊరు. చిన్నప్పుడు అక్కడ అలుగుని ఒకే ఒక్కసారి చూశాను, రాత్రి లాంతరు వెలుగులో, ముట్టుకోగానే పొలుసుల బంతిలా చుట్టుకుపోయింది. ఆ ఒక్క దృశ్యంతో పాత్ర తయారవుతుందనుకున్నాను, అవలేదు.

ఎందుకంటే ఇక్కడ పాత్ర ప్రాణమంతా డెస్క్ (desc, అంటే డిస్క్రిప్షన్) అనే కమాండ్‌లో పెట్టే వర్ణనలో ఉంటుంది. ఎవరైనా మన వైపు లుక్ అని కొడితే ఆ పేరా వాళ్ళకి కనిపిస్తుంది. నా మొదటి పేరా ఇలా ఉండేది: గోధుమరంగు పొలుసులు, పొడవాటి తోక, తెలివైన కళ్ళు. ఎవరూ పలకరించలేదు. తర్వాత కూర్చుని అలుగు గురించి చదివాను. దానికి పళ్ళు ఉండవు, చూపు అంతంతమాత్రం, వాసనే దాని దారి, ముందు కాళ్ళ గోళ్ళు లోపలికి మడుచుకుని నడుస్తుంది, పిల్లని తోక మొదట్లో ఎక్కించుకుని తిరుగుతుంది. అప్పుడు మళ్ళీ రాశాను: మీరు ఎదురుగా ఉన్నా మీ ముఖం వైపు చూడదు, మీ చేతి వైపు ముక్కు తిప్పి కాసేపు ఆగుతుంది, గోళ్ళు మట్టిలో దాచుకున్నట్టు మడిచి ఉంటాయి. ఆ రోజే ఒక నీటికుక్క పాత్ర వచ్చి తన చేతిలో ఏం వాసన వస్తోందని నన్ను అడిగింది, గంటన్నర మాట్లాడుకున్నాం. రంగులు రాస్తే చూసి వెళ్ళిపోతారు, అలవాటు రాస్తే ఎదుటివాళ్ళకి బదులివ్వడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

పేరు కూడా అలుగు అనే పెట్టాను. అర్థం అడిగినవాళ్ళకి చెరువు నిండితే నీళ్ళు పొర్లే చోటుని కూడా అలుగు అంటారని చెప్పాను, చెప్తుండగానే దాని స్వభావం నాకు దొరికింది: చాలాసేపు ఏమీ అనదు, నిండాక ఆపలేం.

చేతల కోసం కోలన్ గుర్తు పెట్టి రాయాలి. కోలన్ తర్వాత మీరు రాసినదానికి ముందు మీ పేరు అదే చేరుతుంది. అంటే ఎప్పుడూ మన గురించి మనమే మూడో మనిషిలా చెప్పుకోవాలి. మొదట్లో ఇది నాకు కష్టమైంది. ఆడా మగా అన్నది పెట్టుకుంటే దాన్ని బట్టి ఇంగ్లీషు సర్వనామాలు వస్తాయి. మన భాషలో అయితే అలుగు వచ్చింది, అక్క వచ్చింది, రెండింటికీ ఒకటే క్రియ. ఆ అలవాటుతో నేను నా పాత్ర ఆడదని చెప్పడమే మర్చిపోయి రాసేదాన్ని. సంభాషణ అంతా ఇంగ్లీషులోనే సాగుతుంది, ఇంగ్లీషు రాయడం అంటే టెన్షన్ పడేవాళ్ళకి మొదటి నెల భారంగానే ఉంటుంది.

కొత్తవాళ్ళు చేసే పెద్ద తప్పు ఒకటుంది. ఎదుటి పాత్ర చేత తామే పని చేయించేస్తారు: నేను తోకతో కొడితే నువ్వు పడిపోయావు అని. అలా రాయకూడదు. తోక విసిరాను అని ఆపాలి, తగిలిందో తప్పుకుందో వాళ్ళు చెప్తారు. నాకు ఈ మర్యాద చాలా ఇష్టం.

లోపాలు లేవని అనను. గదులు చాలా ఉన్నాయి, మనుషులు మాత్రం మునుపటంత లేరు, చాలామంది డిస్కార్డ్ అనే చాట్ యాప్‌కి వెళ్ళిపోయారు. వెస్ట్ కార్నర్ ఆఫ్ ది పార్క్ అనే చోట ఎవరో ఒకరు దొరుకుతారు, అదీ అమెరికాలో సాయంత్రం అయినప్పుడు, అంటే మనకి తెల్లవారుజామున. పెద్దవాళ్ళ వ్యవహారాలు ఉండే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని పంపకండి. కమాండ్లు నేర్చుకోవడానికి ఓపిక కావాలి, వర్ణన పొడుగైతే ఎల్‌ఎస్‌ఎడిట్ అనే ఎడిటర్‌తో కుస్తీ పట్టాలి. నేను పేరా మొత్తం ముందు నోట్‌ప్యాడ్‌లో రాసి దాచుకుంటాను, పాత సైట్ నేర్పిన జాగ్రత్త అది.

అయిదుకి నాలుగు ఇస్తాను. వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే పొద్దున అయిదున్నర, ఆరు మధ్య పార్కులో ఉంటాను, చెయ్యి ముందుకి చాపి కాసేపు కదలకుండా ఉండండి, అలుగు దగ్గరికి వస్తుంది.