హన్మకొండ, వరంగల్‌లో దిగుమతి వైట్ వైన్ కొనేవాళ్లకు హెచ్చరిక: సీసా చల్లగా ఉందంటే బాగుందని నమ్మకండి

హన్మకొండలో ఒక దుకాణంలో కొన్న న్యూజిలాండ్ మార్ల్‌బరో ప్రాంతపు సావిన్యాన్ బ్లాంక్ (ఆ పేరున్న తెల్ల ద్రాక్షతో చేసే వైట్ వైన్) సీసా లోపల పూర్తిగా ఉడికిపోయి ఉంది. మూత బిగువుగానే ఉంది, లేబుల్ చెక్కుచెదరలేదు, దుకాణం ఫ్రిజ్‌లోంచే తీసి ఇచ్చారు. మొదటి గ్లాసులో తేడా ఏమీ తెలియలేదు. అరగంట తర్వాత గ్లాసులోది కాస్త వేడెక్కేసరికి అసలు సంగతి బయటపడింది. నిమ్మ, పాషన్ ఫ్రూట్ వాసన రావాల్సిన చోట ఉడికించి డబ్బాలో పెట్టిన బీన్స్ వాసన వచ్చింది. లేత గడ్డి రంగులో ఉండాల్సింది తేనె రంగుకు తిరిగింది. ఇది నకిలీ సరుకు కాదు. అసలు సీసానే, ఎండ దెబ్బ తిన్నది. ఇలాంటివి ఇంకా షెల్ఫుల మీద ఉంటాయి కాబట్టే ఈ హెచ్చరిక.

మన ఊళ్లో దుకాణం బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది గానీ, లోపల బీరు, విస్కీ ముందు వైన్ వాటా చాలా తక్కువ. దిగుమతి వైట్ వైన్ అడిగేవాళ్లు నెలకు ఏ కొద్దిమందో! అందుకే ఒక్కో సీసా నెలల తరబడి అదే షెల్ఫు మీద నిలబడి ఉంటుంది. విస్కీకి దానివల్ల పెద్ద నష్టం లేదు. మార్ల్‌బరో, జర్మనీలోని మోజెల్, ఫ్రాన్స్‌లోని షాబ్లీ, సాన్సేర్ లాంటి చల్లని ప్రాంతాల వైట్ వైన్‌కు మాత్రం అదే ప్రాణాంతకం. అక్కడ ద్రాక్ష నెమ్మదిగా పండుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది, సున్నితమైన వాసనలు కాయలోనే ఉండిపోతాయి. ఆ సున్నితమైన వాసనలకే మనం డబ్బు కడుతున్నాం. అలాంటి సీసాను భద్రపరచాల్సింది 12, 13 డిగ్రీల దగ్గర. మే నెలలో వరంగల్ 43 డిగ్రీలు చూస్తుంది, రామగుండం, మంచిర్యాల వైపు 45 కూడా తాకుతుంది. రేకుల కప్పు కింద, ఏసీ లేని గోడౌన్‌లో ఇంకా ఎక్కువ.

తప్పంతా దుకాణదారుడిదే అనలేం. ఓడ, రేవు, దిగుమతిదారు గోడౌన్, ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో దాటుకుని సీసా దుకాణానికి వస్తుంది. ఎక్కడ ఉడికిందో చివర్లో నిలబడి చెప్పడం కష్టం. కానీ డబ్బు పోయేది మాత్రం కొన్నవాళ్లదే.

వేడికి లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఏం చూడాలో తెలుస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన మార్పుల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. సావిన్యాన్ బ్లాంక్‌కు పాషన్ ఫ్రూట్ వాసన ఇచ్చే పదార్థం అన్నిటికంటే ముందు విడిపోయి మాయమవుతుంది. క్యాప్సికం వాసన ఇచ్చే మెథాక్సీపైరజీన్ మాత్రం వేడికి చెక్కుచెదరదు. అందుకే ఉడికిన సావిన్యాన్‌లో పండు పోయి, వండిన కూరగాయ వాసన ఒక్కటే మిగులుతుంది. ఇంకో మాట, దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి: వేడికి పులుపు పోదు. పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లం అక్కడే ఉంటుంది. 'నాలుక జివ్వుమంటోంది, కాబట్టి వైన్ బాగుంది' అనుకుని మోసపోయేది ఇక్కడే. పండు లేని పులుపు బోలుగా, నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపినట్టు ఉంటుంది.

దుకాణంలో నిలబడి చూడగలిగేవి కొన్ని ఉన్నాయి. కార్క్ ఉన్న సీసా అయితే పైన వేలు పెట్టి తడమండి. కార్క్ సీసా అంచుకు సమానంగానో కాస్త లోపలికో ఉండాలి. పైకి ఉబ్బి రేకు తొడుగును నెట్టుతుంటే వదిలేయండి. 750 మి.లీ. వైన్ 20 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 5 మి.లీ. పెరుగుతుంది. సన్నటి మెడలో అది దాదాపు రెండు సెంటీమీటర్ల ఎత్తు. కార్క్ కింద ఉండే ఖాళీ మామూలుగా అంతకంటే తక్కువే, కాబట్టి వైన్ కార్క్‌ను పైకి నెడుతుంది, లేదా పక్కనుంచి చెమ్మగా బయటికి వస్తుంది. రేకు తొడుగును మెల్లగా తిప్పి చూడండి. జిగటగా అంటుకుని ఉంటే కారిందేమోనని అనుమానించాలి. తిరగనంత మాత్రాన పాడైనట్టు కాదు, కొన్ని తొడుగులు మొదటి నుంచీ బిగువుగానే ఉంటాయి. మెడ కింద ఎండిన చారికలు, మెడ దిగువకు జారిన మట్టం కూడా కలిసి కనిపిస్తే ఇక ఆలోచించే పని లేదు.

మార్ల్‌బరో సీసాలకు ఎక్కువగా స్క్రూ మూతలే. అక్కడ పై గుర్తులు దాదాపుగా ఉండవు. ఉన్న ఒకే ఆధారం రంగు. ఫోన్ టార్చి వెలిగించి సీసా వెనక తెల్ల కాగితం పెట్టి మెడ దగ్గర చూడండి. అదే రకం రెండు సీసాలుంటే పక్కపక్కన పెట్టండి. ఒకటి ముదురుగా ఉంటే అది వద్దు. పారదర్శకమైన గాజు సీసాలకు ఇంకో ప్రమాదం ఉంది. వెలుతురు వైన్‌లోని రైబోఫ్లావిన్‌ను (విటమిన్ బి2) తాకి గంధకపు పదార్థాలను పుట్టిస్తుంది. ట్యూబ్‌లైట్ పక్కన కొద్ది రోజులున్నా చాలు, ఉడికిన క్యాబేజీ, తడిసిన ఉన్ని వాసన వస్తుంది. అలంకారానికి అద్దాల అరలో పై వరుసలో పెట్టిన సీసా మీకు వద్దు. వెనక చీకట్లో, కింది వరుసలో ఉన్నది అడగండి.

ఇక పంట సంవత్సరం. న్యూజిలాండ్‌లో కోత మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఫ్రాన్స్, జర్మనీల్లో సెప్టెంబరు, అక్టోబరులో. అంటే లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా మార్ల్‌బరో సీసా సాన్సేర్ సీసా కంటే ఆరు నెలలు పెద్దది. మామూలు మార్ల్‌బరోను రెండేళ్లలోపు తాగేయాలి. మూడు, నాలుగేళ్ల నాటిది 'పాతది కాబట్టి గొప్పది' అని చెబితే నమ్మొద్దు. మంచి రీస్లింగ్ (మోజెల్‌లో ఎక్కువగా పండే తెల్ల ద్రాక్ష వైన్), షాబ్లీ ప్రీమియర్ క్రూ (షాబ్లీలో మేలు రకం తోటలది) ఏళ్ల తరబడి బాగుపడతాయన్నది నిజమే గానీ ఆ మాట చల్లటి నేలమాళిగకు వర్తిస్తుంది, మన ఎండాకాలానికి కాదు. ఒక్క ఎండాకాలం ఏసీ లేకుండా దాటిన సీసాను సగం ధరకిచ్చినా కొనకపోవడమే మంచిది. సీజన్ చివర 'ఆఫర్' పెట్టేది చాలాసార్లు ఇలాంటి వాటికే.

సీసా మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ స్టిక్కరు, ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. వాట్సాప్‌లో 'డ్యూటీ ఫ్రీ', 'మిలిటరీ కోటా' అంటూ అమ్మేవాటి జోలికి పోవద్దు. ఇక్కడ పన్ను కట్టని సరుకు ఎక్సైజ్‌వాళ్లకు దొరికితే కేసు మీ మీదా పడుతుంది. పైగా అది ఏ కారు డిక్కీలో ఎన్ని రోజులు తిరిగిందో ఎవరికి తెలుసు?

అసలు పరీక్ష ఇంట్లోనే. దుకాణంవాళ్లు షెల్ఫు మీది సీసాను గంటసేపు బీరు ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇస్తారు, మంచి ఉద్దేశంతోనే కావచ్చు. కానీ 4, 5 డిగ్రీల దగ్గర వాసనలు గాలిలోకి లేవవు, పులుపు పదునుగా అనిపిస్తుంది, లోపాలన్నీ దాక్కుంటాయి. అందుకే రెండుసార్లు రుచి చూడాలి. గది వేడిమిలో ఉన్న సీసాను ఫ్రిజ్‌లో రెండున్నర, మూడు గంటలు ఉంచండి. లేదా బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడ దాకా ముంచితే 25, 30 నిమిషాలు చాలు. ఉత్త ఐసు కంటే నీళ్లు కలిపిన ఐసే త్వరగా చల్లబరుస్తుంది, ఎందుకంటే నీళ్లు సీసాను నలువైపులా అంటుకుని ఉంటాయి. పైన సన్నగా, కింద ఉబ్బుగా ఉన్న గ్లాసులో 50 మి.లీ. మాత్రమే పోయండి. నిండుగా పోస్తే వాసన నిలిచే చోటుండదు.

మొదటిసారి 8, 10 డిగ్రీల దగ్గర. గ్లాసు తిప్పకుండా ముందు ఒకసారి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన, మూతపడిన పాత గది వాసన వస్తే అది కార్క్ దోషం, దానికి మందు లేదు. కాల్చిన అగ్గిపుల్ల, ఉడికించిన గుడ్డు వాసన వస్తే తొందరపడకండి, గ్లాసు తిప్పుతూ పది నిమిషాలు ఆగితే చాలాసార్లు పోతుంది. తర్వాత చెంచాడు వైన్ నోట్లో పది సెకన్లు ఉంచి మింగండి. చింతకాయ కొరికినట్టు దవడల పక్క నీరూరాలి, ఆ వెంట పండు రుచి కూడా ఉండాలి.

అదే గ్లాసును ఇరవై నిమిషాలు వదిలేయండి. 14, 15 డిగ్రీలకు చేరాక మళ్లీ చూడండి. మంచి సీసాలో ఇప్పుడు వాసన ఇంకా విప్పారుతుంది: పంపరపనస, పచ్చి ఆపిల్, షాబ్లీలో తొలకరికి తడిసిన బండరాయి లాంటిది. దెబ్బతిన్న సీసాలో కోసి గంటసేపు వదిలేసిన ఆపిల్ ముక్క, ఎండు ఖర్జూరం, మరగబెట్టిన జామ్ వస్తాయి. ఈ రెండోసారి రుచి చెప్పిందే ఖరారు చేసుకోండి.

రుచి పుస్తకాల్లో 'గూస్‌బెర్రీ' అని రాస్తారు. అది మన ఉసిరికాయ కాదు, యూరప్‌లో పొదలకు కాసే వేరే కాయ. ఉసిరి వగరు వెతుక్కుని, దొరకలేదని మంచి సీసాను తప్పుపట్టినవాళ్లున్నారు.

లోపాలు కానివి కూడా కొన్నున్నాయి, వీటిని చూసి భయపడొద్దు. అడుగున పంచదార పలుకుల్లాంటివి మెరిస్తే అవి టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలు. చలికి కడతాయి, గాజు పెంకులు కావు, తాగినా హాని లేదు. కొత్త మోజెల్ వైన్‌లో నాలుక మీద సన్నగా చిమచిమలాడితే సీసాలో పట్టిన కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్ అది. పాత రీస్లింగ్‌లో పెట్రోల్ వాసన సహజం. ఏడాది సీసాలోనే అది ముక్కు పగిలేలా వస్తే మాత్రం వేడి తగిలిందేమో అనుమానించాలి. మోజెల్ కాబినెట్ (తేలిక రకం జర్మన్ వైన్) తియ్యగా ఉండి 8, 9 శాతం ఆల్కహాలే ఉంటే కల్తీ అనుకోకండి, ఆ రకమే అంత. తీపి వద్దనుకునేవాళ్లు లేబుల్ మీద 'ట్రోకెన్' అన్న మాట వెతుక్కోవాలి.

పరీక్షకు ముందు అరగంట ఆవకాయ, మిరపకాయ బజ్జీ, పాన్, సోంపు ఏవీ వద్దు. కారం తగిలిన నాలుకకు పులుపు, ఆల్కహాల్ రెండూ మంటగానే తెలుస్తాయి. సకినాలు కూడా వద్దు, వాము వాసన ముక్కును ఆక్రమిస్తుంది. ఉప్పు లేని మరమరాలు, మంచినీళ్లు చాలు.

పాడైందని తేలితే మిగతాది పారబోయకండి. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, లేబుల్, స్టిక్కరు, రంగు ఫొటోలు తీసి మర్నాడే దుకాణానికి తీసుకెళ్లండి. సగం పైగా తాగేసి వెళ్తే ఎవరూ వినరు. బిల్లు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే కనీసం యూపీఐతో చెల్లించండి, తేదీ, మొత్తం రుజువుగా ఉంటాయి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కొనడానికి మంచి కాలం డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అప్పుడైనా సరుకు కొత్తగా దిగిందా, గత ఎండాకాలం నుంచి అక్కడే ఉందా అని అడగండి. హైదరాబాద్‌లో ఏసీ దుకాణంలో కొని తెచ్చుకునేవాళ్లు 140 కిలోమీటర్ల పైచిలుకు దారిలో సీసాను డిక్కీలో వేయకండి. దారిలో టిఫిన్‌కు ఆగిన అరగంటలోనే, ఎండలో నిలిపిన కారు లోపల సీసా ఉడకడం మొదలవుతుంది. థర్మాకోల్ డబ్బాలో రెండు గడ్డకట్టిన నీళ్ల సీసాల మధ్య పెట్టి, మీరు కూర్చునే సీటు దగ్గరే ఉంచుకోండి. ఇంటికి చేరాక వంటింటి అటక మీద, ఫ్రిజ్ పైన, ఇన్వర్టర్ పక్కన పెట్టొద్దు. నెలా రెండు నెలల్లో తాగేసేదైతే ఫ్రిజ్ కింది అరే దానికి చోటు.