హేవ్‌లాక్‌లో జంటకి ఒక్క రోజే ఉంటే: స్కూబానా, అడవి నడకా, కయాకా?

మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసింది. పెళ్లయి ఏడాది కాలేదు, ఫిబ్రవరిలో ఇద్దరూ అండమాన్ వెళ్తున్నారు. "అక్కా, హేవ్‌లాక్‌లో మాకు సరిగ్గా ఒక్క పగలే దొరుకుతోంది. మీరు మూడు రోజులుండి అన్నీ చేసొచ్చారు కదా. ఒక్కటే చేయాలంటే ఏది చేయమంటావ్?" అంది. ఫోన్‌లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదనిపించి, రాసి పంపుతానన్నాను. అదే ఇది. ఇదే ప్రశ్నతో ఉన్న వేరే జంటలకీ పనికొస్తుంది.

ముందు పొద్దు సంగతి చెప్పాలి. హేవ్‌లాక్ పేరు 2018 డిసెంబర్‌లో స్వరాజ్ ద్వీప్ అని మారింది, వాడుకలో ఇంకా పాత పేరే ఉంది. అక్కడ గడియారం మనదే గానీ సూర్యుడు మనకంటే ముందుంటాడు. మన దేశం టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ పక్కనుంచి పోతుంది. హేవ్‌లాక్ ఉన్నది ఇంకా తూర్పున, 93 డిగ్రీల దగ్గర. అంటే అక్కడ పొద్దు మా ఊరికంటే దాదాపు ముప్పావుగంట ముందు నడుస్తుంది. ఫిబ్రవరిలో ఆరింటికే వెలుతురు వచ్చేస్తుంది, సాయంత్రం ఐదున్నర లోపే సూర్యుడు మునిగిపోతాడు. నింపాదిగా టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరదామనుకుంటే సగం రోజు చేజారినట్టే. మేం మొదటిరోజు చేసింది అదే. ఆ పగలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక అందరూ ముందు అడిగే స్కూబా, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రం లోపలికి దిగడం. ఈత రాకపోయినా పరవాలేదు, ఇది నిజం. సముద్రం పక్కన పుట్టి పెరిగినా నాకు ఈత రాదు, అయినా చేశాను. మొదటిసారి చేసేవాళ్లని ఎక్కువగా నీమో రీఫ్ అనే చోటుకి తీసుకెళ్తారు. ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం లాంటివి ఏవైనా ఉంటే దాచకుండా రాయాలి. తర్వాత నడుం లోతు నీళ్లలో నోటితో గాలి పీల్చడం, మాస్క్‌లోకి నీళ్లొస్తే బయటికి ఊదడం, చేతి సైగలు నేర్పిస్తారు. ఆ తర్వాతే లోపలికి. కొత్తవాళ్లకి 12 మీటర్లే హద్దు, మామూలుగా అంత లోతుకి కూడా పోరు.

లోపల నేను చూసింది ఒక్కటి చెప్తాను. అరచేతి వెడల్పున్న సీ అనిమోన్ (పువ్వులా విచ్చుకుని ఉండే సముద్రజీవి), వేళ్లలాంటి దాని తంతువుల మధ్య నారింజ రంగు మీద తెల్ల చారలున్న రెండు చేపలు. నా వేలు దగ్గరికి పోతే వెనక్కి తగ్గకుండా ముందుకొచ్చి నిలబడ్డాయి, అది వాటి ఇల్లు మరి. ఆ సంతోషంలో బొటనవేలు పైకెత్తి చూపించాను. వెంటనే ఇన్‌స్ట్రక్టర్ నన్ను పైకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. నీళ్లలో బొటనవేలెత్తితే 'పైకి పోదాం' అని అర్థం. బాగుంది అని చెప్పాలంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టాలి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

మా ఆయన కథ వేరు. ముందురోజు నుంచి ఆయనకి జలుబు. చెప్తే డైవ్ ఆపేస్తారని ఫారంలో రాయలేదు. నీళ్లలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెండింతలవుతుంది. ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకుంటూ దిగాలి. ముక్కు దిబ్బడేసినవాళ్లకి అది కుదరదు. మూడు మీటర్ల దగ్గరే చెవిలో సూది గుచ్చినట్టయి పైకొచ్చేశారు. మిగతా టైమంతా ఒడ్డున కూర్చుని నా కోసం చూశారు. "నువ్వు చూశావు కదా, చాలు" అన్నారు గానీ ఆ మొహం నేను చూశాను. జంట విషయంలో స్కూబాతో చిక్కు ఇదే. ఒక్కొక్కరికీ ఒక్కో ఇన్‌స్ట్రక్టర్, నోట్లో గాలి పీల్చుకునే రెగ్యులేటర్, మాటల్లేవు. పక్కపక్కనే ఉన్నా ఎవరి సముద్రం వారిదే. ఇద్దరూ ఆరోగ్యంగా ఉంటే పైకొచ్చాక చెప్పుకోవడానికి బోలెడుంటుంది. ఒకరు ఆగిపోతే రోజంతా ఆ లోటు వెంటాడుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. శరీరంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఒక్క డైవ్‌కి 12 గంటలు చాలంటారు గానీ, డైవ్ సెంటర్ల వాళ్లు ఎక్కువగా 18 నుంచి 24 గంటలు ఆగమనే చెప్తారు. మా చెల్లి వాళ్లకి మర్నాడు పొద్దున్నే ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్, మధ్యాహ్నం ఫ్లైట్. పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. స్కూబా పొద్దున్నే ముగిస్తే సరిపోతుంది. ఏ కారణం చేతో మధ్యాహ్నానికి జరిగిందా, టెన్షన్ మొదలవుతుంది.

రెండోది ఎలిఫెంట్ బీచ్. ఒకప్పుడు కలప లాగడానికి ఏనుగుల్ని వాడిన దీవి ఇది. సముద్రంలో ఈదే ఏనుగుగా పేరు పడ్డ రాజన్ ఇక్కడే బతికి 2016లో చనిపోయింది. ఈ బీచ్‌కి వెళ్లడానికి రెండు దారులు. జెట్టీ నుంచి స్పీడ్ బోట్ ఎక్కితే అరగంట లోపే దిగిపోవచ్చు, చాలామంది అదే చేస్తారు. మేం మాత్రం అడవిలోంచి నడిచాం. రాధానగర్ బీచ్‌కి వెళ్లే రోడ్డు మీదనుంచి దారి చీలుతుంది, సుమారు రెండు కిలోమీటర్లు. లోకల్ గైడ్‌ని పెట్టుకున్నాం. వాన పడితే మోకాళ్ల దాకా బురద, చెప్పులు ఊడిపోతాయి. పొడిగా ఉంటే ముప్పావుగంట నడక.

ఆ ముప్పావుగంట నాకు ఆ మూడు రోజుల్లోకెల్లా ఇష్టమైన సమయం. తలెత్తితే ఆకాశం కనబడనంత ఎత్తు చెట్లు, మొదలు దగ్గర గోడల్లా విచ్చుకున్న వేర్లు. ఇద్దరం ఒకరి వెనక ఒకరం నడుస్తూ, ఇంట్లో ఎన్నాళ్లగానో వాయిదా వేసుకున్న మాటలు మాట్లాడుకున్నాం. చివర్లో చెట్లు పలచబడి ఒక్కసారిగా నీలం కనిపిస్తుంది. ఒడ్డున వేర్లతో సహా పడిపోయి తెల్లగా ఎండిన మానులు. 2004 సునామీ వదిలి వెళ్లిన గుర్తులవి. ఒక మానుకి ఆనుకుని కొబ్బరిబోండం తాగుతూ మా ఆయన "డైవ్ పోతే పోయింది లే" అన్నారు. ఈసారి మనస్ఫూర్తిగానే అన్నారు.

అక్కడ స్నార్కెలింగ్ చేయిస్తారు, అంటే మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీళ్ల పైనుంచే లోపలికి చూడటం. ఈత రానివాళ్లకి లైఫ్ జాకెట్ వేసి రింగ్ ఇస్తారు. అది పట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలితే గైడ్ లాక్కెళ్తాడు. జలుబున్నా ఇద్దరం కలిసి చేయగలిగాం. ఒకే రింగ్ పట్టుకున్నాం. ఏదైనా కనబడితే తలెత్తి చెప్పుకోవచ్చు. అయితే ఇక్కడి పగడాలు స్కూబాలో చూసినంత నిండుగా లేవు. చాలా చోట్ల బూడిద రంగు ముక్కలే. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ అంతటా పగడాలు తెల్లబారిపోయాయి. దానికి తోడు జనం కాళ్లు. నీళ్లు తక్కువగా ఉన్నచోట ఆయాసం వచ్చి నిలబడదామనిపిస్తుంది. దయచేసి నిలబడకండి, రింగ్ మీద వాలి ఊపిరి తీసుకోండి. పిడికెడు పగడం పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఒడ్డున దొరికిన ముక్కైనా సరే తెచ్చుకోకూడదు, అది నేరం. ఎయిర్‌పోర్టులో బ్యాగులు స్కాన్ చేస్తారు.

మూడోది కయాక్. మడ అడవుల మధ్య ఇద్దరు కూర్చునే సన్నటి పడవ. కాకినాడ వాళ్లం కాబట్టి కోరింగ మడ అడవి చూసే పెరిగాం. కానీ అక్కడ ఇంజన్ బోటులో కూర్చుని చూడటం, ఇక్కడ చేత్తో తెడ్డేసుకుంటూ వేర్ల పక్కనుంచి దూరడం ఒకటి కాదు. ముందు కూర్చున్నవాళ్లు లయ ఇవ్వాలి, వెనకవాళ్లు దారి తిప్పాలి. మొదటి పది నిమిషాలు మా తెడ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, మాటా మాటా అనుకున్నాం. తర్వాత ఎప్పుడు కుదిరిందో తెలియలేదు గానీ నీటి చప్పుడు ఒక్కటే అయింది. పోటు వేళే పడవ లోపలికి పోతుంది, ఆటు వేళ బురదే. అందుకే మీకు కుదిరిన టైముకి కాదు, సముద్రానికి కుదిరిన టైముకి వెళ్లాలి. అమావాస్య రోజుల్లో రాత్రి కయాకింగ్‌లో తెడ్డు తగిలినచోటల్లా నీళ్లు నీలంగా మెరుస్తాయట, సూక్ష్మజీవుల వల్ల. మేం వెళ్లినప్పుడు నిండు వెన్నెల. అండమాన్ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, కాబట్టి గైడ్ లేకుండా అసలు దిగొద్దు.

పొద్దున్నే నీల్ దీవికి, అంటే షహీద్ ద్వీప్‌కి, వెళ్లొస్తే ఎలా ఉంటుందనీ అడిగింది. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ అని రామాయణం పేర్లున్న చిన్న దీవి, సైకిల్ మీద తిరిగేయొచ్చు. కానీ ఫెర్రీలోనే గంట పోను, గంట రాను. ఒక్క రోజు కోసం వద్దు.

నా మాట ఇది: మూడింట్లో కళ్లకి ఎక్కువ ఇచ్చేది స్కూబానే, అందులో అనుమానం లేదు. అయినా ఒక్కటే రోజున్న జంటకి నేను అడవి దారినే ఎలిఫెంట్ బీచ్‌కి నడవమంటాను. ఇద్దరూ చేయగలిగింది, ఇద్దరూ మాట్లాడుకుంటూ చేయగలిగింది అదే. దారి రాధానగర్ రోడ్డు మీదే కాబట్టి మధ్యాహ్నానికి బయటికొచ్చి, తిని, నాలుగింటికల్లా రాధానగర్ ఇసుకలో కూర్చోవచ్చు. ఆ బీచ్ పడమటి వైపుంది, సూర్యుడు నేరుగా నీళ్లలోకే దిగుతాడు. ఇద్దరికీ స్కూబా మీద గట్టి కోరిక ఉండి, జలుబూ అదీ లేకపోతే మాత్రం పొద్దున మొదటి బ్యాచ్‌లో డైవ్ చేసి, సాయంత్రం రాధానగర్‌తో ఆపేయండి. రెండూ ఒకే రోజు కుక్కొద్దు. కయాక్‌ని ఇంకో ప్రయాణానికి దాచుకోండి.

ఇంతా చదివి చెల్లి ఒక్కటే అడిగింది: "బావగారు మళ్లీ వెళ్తే ఏది చేస్తానంటున్నారు?" మా ఆయన్ని అడిగాను. ముక్కు దిబ్బడ లేకుండా చూసుకుని డైవ్‌కే వెళ్తారట. కానీ ముందు ఆ అడవి దారి ఇంకోసారి నడవాలట. మరిదిగారికి ఒక మాట చెప్పమన్నారు: చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోమని, మార్చుకోవడానికి ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగ్ అడుగున పెట్టుకోమని.